20 వేల యెన్ల నీలి దీపం

మీ ఇంట్లో ఎల్ఈడీ బల్బు ఉంటే ఒక్కసారి దానికేసి చూడండి. తెల్లగా వెలుగుతోంది కదా! నిజానికి లోపల పుట్టేది నీలి వెలుగు. మెంతిగింజ కంటే చిన్న స్ఫటికం ముక్క నీలంగా వెలుగుతుంది. దాని మీద పూసిన పొడి ఆ నీలంలో కొంత మింగి పసుపు కక్కుతుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. సెల్‌ఫోను వెనకాల టార్చికీ, వీధి స్తంభం మీది ఎల్ఈడీ దీపానికీ, 2015 జనవరి నుంచి ఉజాలా పేరుతో సర్కారు ఊరూరా అమ్మించిన బల్బులకీ గుట్టు ఆ నీలమే. దానికోసం ప్రపంచం 30 ఏళ్లు కాచుక్కూచుంది. దాన్ని వెలిగించిన పనోడి పేటెంటుకి కంపెనీ కట్టిన ఖరీదు 20 వేల యెన్లు.

ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చింది. ధగధగలాడే నీలం మాత్రం ఎవరికీ చిక్కలేదు. ఎందుకని? ఎలక్ట్రాన్ పై మెట్టు మీంచి కింది మెట్టు మీదికి దూకినప్పుడు ఆ ఎత్తే వెలుగై బయటపడుతుంది. మెట్టు చిన్నదైతే ఎరుపు, పెద్దదైతే నీలం. అంత పెద్ద మెట్టున్న సరుకు గాలియం నైట్రైడ్. కానీ దాన్ని పగుళ్లు లేకుండా పెంచటం ఎవరి తరమూ కాలేదు. పెద్ద పెద్ద ల్యాబులు దానికో దండం పెట్టి జింక్ సెలెనైడ్ వెంట పడ్డాయి. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంలో అకసాకి, ఆయన శిష్యుడు అమనో మాత్రం వదల్లేదు. 1986లో మంచి స్ఫటికం పెంచారు. 1989లో, దీపం వెలగాలంటే తప్పనిసరిగా కావలసిన పి-టైపు పొర సాధించారు. వాళ్ల వాటా వాళ్లదే, అందులో కోత పెట్టే ఉద్దేశం మాకు లేదు.

ఇక మూడో మనిషి సంగతి. షుజి నకమురా పుట్టింది షికోకు దీవిలో. పేరున్న రాజధాని యూనివర్సిటీ కాదు, అదే దీవిలోని తోకుషిమా యూనివర్సిటీలో చదివాడు. 1979లో అక్కడి నిచియా అనే చిన్న కంపెనీలో చేరాడు. ట్యూబ్‌లైట్లకీ టీవీలకీ పూసే పొడులు చేసే కంపెనీ అది. కొత్త సామాన్లకి డబ్బుల్లేవు. క్వార్ట్జ్ గొట్టాలు తనే అతికించుకునేవాడు, కొలిమి తనే కట్టుకునేవాడు. అవి పేలి గదంతా పొగ కమ్మిన రోజులు లెక్కలేనన్ని. అట్లా పదేళ్లు పనిచేశాడు. ఆయన తయారుచేసిన సరుకు అమ్ముడు పోలేదని తిట్లు మాత్రం మిగిలాయి.

1988లో నకమురా నేరుగా కంపెనీ పెద్దాయన నొబువో ఒగావా దగ్గరికి పోయి, నీలం ఎల్ఈడీ చేస్తానన్నాడు. ఆయన సరేనన్నాడు, డబ్బూ ఇచ్చాడు. ఇది కూడా చెప్పుకోవాలి. ఏడాదిపాటు అమెరికాలో ఫ్లోరిడాకి పంపాడు. అక్కడ ఏం జరిగింది? డాక్టరేట్ లేదు, అచ్చయిన వ్యాసాల్లేవు గనక టెక్నీషియన్‌ని చూసినట్టు చూశారు. రియాక్టర్ బిగించటానికి పనికొచ్చినోడు పక్కన కూచుని మాట్లాడటానికి పనికిరాలేదు.

పట్టా లేకపోతే ఇంతేనా అంటే, ఈ దీపం చరిత్ర మొదట్లోనే ఇంకో పట్టా లేని మనిషి ఉన్నాడు. ఒలెగ్ లోసెవ్, రష్యావాడు, 1903లో పుట్టాడు. కాలేజీ చదువు పూర్తికాకుండానే నీజ్నీ నొవ్‌గొరద్ రేడియో ల్యాబులో పనిచేశాడు. సిలికాన్ కార్బైడ్ ముక్కకి కరెంటు తగిలితే వెలుగు రావటం 1907లోనే ఇంగ్లండుకు చెందిన రౌండ్ చూసి, చిన్న ఉత్తరం రాసి వదిలేశాడు. లోసెవ్ వదల్లేదు. అది వేడివల్ల వచ్చే వెలుగు కాదని తేల్చాడు, 1927లో అచ్చేశాడు, దాంతో వార్తలు పంపొచ్చని పేటెంటుకీ పెట్టాడు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చచ్చిపోయాడు. అప్పటికి 38 ఏళ్లు. ఇవాళ ఎల్ఈడీ పాఠం చెప్పే ఎన్ని తరగతి గదుల్లో ఆయన పేరు వినపడుతుంది?

నకమురా 1989లో తిరిగొచ్చాడు. కొనుక్కొచ్చిన రియాక్టర్‌ని పొద్దున విప్పి మార్చేవాడు, మధ్యాహ్నం స్ఫటికం పెంచేవాడు. పక్కనుంచి వచ్చే వాయువుని పైనుంచి ఇంకో వాయువుతో అదిమిపెడితే పొర చదునుగా కూచుంటుందని కనిపెట్టాడు. ఈలోగా కొత్తగా వచ్చిన అధ్యక్షుడు ఆ పని ఆపెయ్యమని కాగితాలు పంపాడట. వాటిని పట్టించుకోలేదని నకమురాయే చెప్పుకున్నాడు. 1992లో, పి-టైపు పొర కావాలంటే ఉత్త వేడి చాలని తేల్చాడు. పొరలో దూరి అడ్డుపడుతున్న హైడ్రోజన్ ఆ వేడికి వెళ్లిపోతుంది. 1993లో నీలం ధగ్గున వెలిగింది. మూడేళ్లకి అదే కంపెనీ, తన పాత పొడి విద్యని దానికి కలిపి తెల్ల ఎల్ఈడీ అమ్మింది.

ఆ రియాక్టర్ పద్ధతి పేటెంటుకి దరఖాస్తు పెట్టినందుకు 10 వేల యెన్లు, వచ్చినందుకు ఇంకో 10 వేలు. రూలు అంతే!

1999 చివర్లో నకమురా కంపెనీ విడిచి అమెరికా వెళ్లాడు. రహస్యాలు ఎత్తుకుపోయాడని ముందు కంపెనీయే అక్కడి కోర్టుకెక్కింది. అప్పుడు ఈయన 2001లో టోక్యోలో దావా వేశాడు. 2004 జనవరిలో తీర్పు వచ్చింది. ఆ ఒక్క పేటెంటు మీద కంపెనీకి వచ్చే లాభం 12,080 కోట్ల యెన్లు అని కోర్టు లెక్కగట్టింది. అందులో సగం, 6,040 కోట్లు, నకమురా పాలు అంది. ఆయన అడిగింది 2,000 కోట్లే గనక అంతే ఇమ్మంది. జపాన్ యజమానులంతా గగ్గోలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి పై కోర్టు రాజీ కుదిర్చింది. అన్ని పేటెంట్లకీ వడ్డీతో సహా 84 కోట్ల 39 లక్షలు. న్యాయం కుళ్లిందని నకమురా బాహాటంగానే తిట్టాడు.

కంపెనీ వాదన కూడా వినండి. ఇది ఒక్కడి పని కాదు, ఎందరో ఉద్యోగులు చెయ్యేశారు, డబ్బు మాది, నష్టమొస్తే భరించేదీ మేమే అంది. ఎందరో చెయ్యేశారన్న మాట నిజమే. రాత్రీ పగలూ స్ఫటికాలు పెంచిన కుర్రాళ్లు ల్యాబులో ఉన్నారు. అయ్యా, మరి నకమురాకి తగ్గించిన వాటా వాళ్లకి పంచారా? వాళ్ల చెయ్యి కోర్టులో వాదనకి పనికొచ్చింది. ఆ మాట నకమురానీ అడగాలి. 6,040 కోట్ల సగంలో వాళ్లు ఎక్కడున్నారు?

2014లో అకసాకి, అమనో, నకమురా ముగ్గురికీ నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాదే జపాన్ పార్లమెంటు పేటెంటు చట్టం మార్చింది. అంతకుముందు ఉద్యోగి కనిపెట్టిన దాని మీద హక్కు మొదట ఉద్యోగిదే, కంపెనీ దాన్ని అతని దగ్గర తీసుకోవాలి. ఇప్పుడు కంపెనీ ముందుగా రూలు రాసుకుంటే చాలు, పుట్టిన క్షణం నుంచీ అది కంపెనీదే. ఉద్యోగికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఎంత అన్నది లేదు.