గుర్రం సరే, ధర మాటేమిటి?

2006 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన కాల్డర్ వేలంలో ఒక రెండేళ్ల గుర్రప్పిల్ల కోటీ అరవై లక్షల డాలర్లు పలికింది. దాని పేరు ‘ది గ్రీన్ మంకీ’. వేలానికి ముందు కొనేవాళ్ల ఎదుట పరిగెత్తిస్తే ఒక ఫర్లాంగును, అంటే సుమారు 200 మీటర్లను, 9.8 సెకన్లలో దాటేసింది. పోటాపోటీగా పాట పాడినవాళ్లు అల్లాటప్పా మనుషులు కారు. ఒకవైపు ఐర్లండ్‌కు చెందిన కూల్‌మోర్ సంస్థ, ఇంకోవైపు దుబాయ్ పాలకుడు షేక్ మహమ్మద్ బృందం. వంశం చూశారు, కాళ్లు చూశారు, నడక చూశారు, గడియారం చూశారు. తీరా ఆ గుర్రం మూడంటే మూడు రేసులు పరిగెత్తి, ఒక్కటీ గెలవక, 10,440 డాలర్లు సంపాదించి ఇంటికెళ్లింది. 1977లో అమెరికా ట్రిపుల్ క్రౌన్‌ను అప్పటికి ఓటమన్నదే ఎరగకుండా గెలుచుకున్న సియాటిల్ స్లూ మాత్రం ఒకప్పుడు వేలంలో 17,500 డాలర్లకే దొరికింది.

ఈ సంగతి హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ పాత రేసురాయుడికి చెబితే పెద్దగా ఆశ్చర్యపోడు. ‘వాళ్లకు చూడ్డం రాలేదు’ అంటాడు. ప్యాడాక్‌లో, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణలో, గుర్రం రెండు చుట్లు తిరిగితే చాలు, గెలిచేదేదో చెప్పేయగలనని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పూర్తిగా కొట్టిపారేయాల్సిన పనిలేదు. గుర్రాన్ని అంచనా వేయడం నిజంగానే ఒక విద్య. పేచీ అంతా ఆ విద్యతో డబ్బు వస్తుందనుకోవడం దగ్గరే ఉంది.

హైదరాబాద్‌లో ఈ విద్యకు వయసు తక్కువేమీ కాదు. మౌలాలీలో జరిగే రేసులను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో తన మహలుకు దగ్గరగా ఉంటాయని మలక్‌పేటకు మార్పించాడు. వానాకాలం సీజన్‌లో అందరూ ఎదురుచూసే దక్కన్ డెర్బీ 2000 మీటర్ల పరుగు. అక్కడికి వెళ్లేవాళ్ల చేతిలో కనబడేది రేసు పుస్తకం. గుర్రం పేరు, వయసు, తల్లీ తండ్రీ, మోయాల్సిన బరువు, రేటింగ్, గేటు నంబరు, జాకీ, ట్రైనర్, గత పరుగుల్లో ఎన్నో స్థానంలో వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. దానికి తోడు పేపర్లో వచ్చే ట్రాక్‌వర్క్ కబుర్లు: ఫలానా గుర్రం తెల్లవారుజామున 800 మీటర్లు నిమిషంలో పరిగెత్తింది, చివరి 600 మీటర్లు 45 సెకన్లలో, ‘తేలిగ్గా కదిలింది’ అని. రాసేది ఒక్క లైను. చదివేవాడికి అందులో ప్రతి మాటా ముఖ్యమే. అదే 45 సెకన్లు జాకీ కళ్లెం బిగబట్టి ఉండగా వస్తే ఒక అర్థం, చేతులూ కాళ్లూ ఆడించి తోలగా వస్తే ఇంకో అర్థం. పైన కూర్చున్నది 50 కిలోల జాకీయా, 65 కిలోల రైడింగ్ బాయా అన్నది చాలాసార్లు ఆ లైన్లో ఉండదు.

ప్యాడాక్‌లో చూడాల్సినవీ ఉన్నాయి. చర్మం నిగనిగలాడుతోందా, అడుగు సాగుతోందా, వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడుతోందా? వెనక తొడల మధ్య నురగలా చెమట పడుతోందంటే గుర్రం కంగారులో ఉందన్నమాట, పరిగెత్తకముందే ఓపిక ఖర్చయిపోతోంది. హైదరాబాద్ ఉక్కలో మెడ మీద చెమటకు మాత్రం అంత విలువ ఇవ్వక్కర్లేదు, అది పక్కన నిలబడ్డ మనిషికీ పడుతుంది. చెవులు, తోక, కళ్లు కూడా గుర్రం మనసును కొంత చెబుతాయి. లోపలున్న గుండె కనబడదు. న్యూజిలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో దేవుడంతటివాడైన ఫార్ లాప్ గుండె 6.2 కిలోలు తూగింది. మామూలు గుర్రాలకు నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆ గుండెను ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ మ్యూజియంలో చూడొచ్చు. గుర్రం బతికుండగా అది ఏ ప్యాడాక్‌లోనూ ఎవరికీ కనబడలేదు.

ఫార్ లాప్ కథే ఇంకో పాఠం చెబుతుంది. 1930 మెల్‌బోర్న్ కప్‌లో అది దాదాపు 62.5 కిలోలు మోసి గెలిచింది. మరుసటి ఏడు బరువులు కేటాయించే హ్యాండీక్యాపర్ దాని వీపు మీద 68 కిలోలు పెట్టాడు. ఎనిమిదో స్థానంలో వచ్చింది. గుర్రం అదే, దూరం అదే, మైదానం అదే. మారినవాటిలో అందరికీ కొట్టొచ్చినట్టు కనబడేది బరువు.

రేసుల్లో అందరికంటే తెలివైనవాడు పందెం కాసేవాడు కాదు, ఈ హ్యాండీక్యాపరే. అతని ఉద్యోగం విచిత్రమైనది. బలమైన గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు పంచి అన్నీ ఒకే వరసలో గీత దాటేలా చూడడం అతని ఆదర్శం. మన దేశంలో ఒక రేటింగ్ పాయింటు అంటే అర కిలో. 60 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తే, అదే రేసులో 44 రేటింగ్ గుర్రం 52 కిలోలతో పరిగెత్తుతుంది. గెలిచిన గుర్రం రేటింగ్ పెరుగుతుంది, వరసగా ఓడిన దానిది తగ్గుతుంది. ‘మొన్ననేగా సునాయాసంగా గెలిచింది’ అని జనం ఎగబడే గుర్రం ఈసారి ఆ గెలుపుకు జరిమానా మోస్తూ వస్తుంది. ‘నాలుగుసార్లు వెనకబడింది, దండగ’ అనుకున్నది తేలికైన వీపుతో, చిన్న తరగతిలో, తనకు నచ్చిన 1200 మీటర్లకు దిగుతుంది. రేసు పుస్తకంలో స్థానాల వరస మాత్రమే చదివేవాడు ఇక్కడే బోల్తా పడతాడు. నాలుగో స్థానమంటే గెలిచినదానికి ఒక గుర్రం పొడవు దూరంలోనా, పదిహేను పొడవుల దూరంలోనా? మలుపులో దారి దొరక్క ఆగిపోయిందా, దారి దొరికీ పరిగెత్తలేకపోయిందా? వీడియో చూసి ఈ ప్రశ్నలకు జవాబు రాసుకునే ఓపిక ఉన్నవాడే నిజంగా అంచనా వేస్తున్నట్టు. మిగతావాళ్లది ఊహ.

అయితే ఈ ఓపికంతా పెట్టినవాడు కూడా సాయంత్రానికి జేబు తడుముకుంటూ బయటికి రావడానికి కారణం వేరే ఉంది.

ప్రపంచంలో చాలా రేస్‌కోర్సుల్లో ఫేవరెట్ గుర్రం, అంటే జనం ఎక్కువ డబ్బు పెట్టినది, ఇంచుమించు మూడు రేసుల్లో ఒకటి గెలుస్తుంది. అంటే జనం అంచనా మరీ గుడ్డిదేం కాదు. కానీ ఆ ఫేవరెట్ మీద ధర ఒకటికి ఒకటి ఉందనుకుందాం. వంద రేసుల్లో వందేసి రూపాయలు కాస్తే పెట్టుబడి 10,000. 33 గెలుపులకు తిరిగొచ్చేది 6,600. గెలిచే గుర్రాలను ఎంచుకుంటూనే మూడువేల నాలుగువందలు పోగొట్టుకోవచ్చు. అదే 5-1 ధర ఉన్న గుర్రాలు ఐదింట ఒకటి చొప్పున గెలిచేవైతే, వంద పందేల్లో ఎనభై ఓడినా 12,000 వస్తాయి. మొదటివాడు స్నేహితుల్లో మొనగాడు అనిపించుకుంటాడు, రెండోవాడిని చూసి అందరూ నవ్వుతారు. లాభం రెండోవాడిదే.

నూటికి ఒకటి తగిలే గుర్రం మీద మనిషికి ఉండే మోజు వేరు. 2022 కెంటకీ డెర్బీలో రిచ్ స్ట్రైక్ అనే గుర్రానికి ముందురోజు దాకా చోటే లేదు. ఇంకో గుర్రం తప్పుకోవడంతో ఆఖరి నిమిషంలో లోపలికొచ్చి 80-1 ధరకు గెలిచింది. ఇలాంటి ఒక్క కథ వెయ్యిమందిని మరో పదేళ్లు రేసులకు తిప్పుతుంది. కానీ 1949లోనే రిచర్డ్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికన్ రేసుల లెక్కలు తీసి, గెలిచే అవకాశం తక్కువున్న గుర్రాల మీద జనం వాటి అర్హతకు మించి డబ్బు పెడతారని చూపించాడు. ఆ తరవాత ఎన్నో దేశాల్లో, ఎందరో చేసిన పరిశీలనల్లో ఇదే మాట మళ్లీ మళ్లీ తేలింది.

గుర్రం గురించి తెలియడం, లెక్క తెలియడం వేరువేరు విద్యలని మన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వ భాగంలోనే నలుడి కథ ఉంది. అశ్వహృదయం తెలిసిన నలుడు జూదంలో పుష్కరుడికి రాజ్యం ధారపోశాడు. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడనే రాజుకు రథం తోలుతుండగా, దారిలో ఒక తాని చెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో రాజు చెప్పేశాడు. నలుడు రథం ఆపి మరీ లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది. తన అశ్వవిద్య ఇస్తానని ఆ లెక్క విద్యను, అక్షహృదయాన్ని, పుచ్చుకున్నాడు. పోయిన రాజ్యాన్ని తిరిగి తెచ్చింది రెండో విద్యే.

మన కాలపు ఋతుపర్ణుడు బిల్ బెంటర్. అమెరికాలో బ్లాక్‌జాక్ ముక్కలు లెక్కపెట్టుకుంటూ బతికిన ఈ మనిషి 1980ల మధ్యలో అలాన్ వుడ్స్‌తో కలిసి హాంకాంగ్ చేరాడు. గుర్రాల గురించి అతనికి తెలిసింది అంతంతమాత్రం. బోల్టన్, చాప్‌మన్ అనే ఇద్దరు 1986లో రాసిన ఒక పరిశోధనా పత్రం పట్టుకుని, ఒక్కో గుర్రానికి పదుల కొద్దీ అంశాలు లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతి తయారుచేశాడు. మొదట్లో చేతిలో ఉన్న డబ్బు చాలామటుకు పోయింది. దారి మళ్లింది ఎక్కడంటే, తన లెక్కలోకి జనం పందేలను బట్టి మారే టోట్ బోర్డు మీది ధరను కూడా కలుపుకున్న దగ్గర. తనకు తెలియంది జనానికి తెలిసి ఉండొచ్చని ఒప్పుకున్నాడన్నమాట. తన అంచనాకూ జనం అంచనాకూ తేడా గట్టిగా ఉన్నచోటే పందెం కాశాడు. ఆ తరవాత కోట్లాది డాలర్లు సంపాదించాడు. 1994లో తన పద్ధతిని పత్రంగా రాసి ప్రచురించాడు కూడా.

బెంటర్ కథ విని మలక్‌పేటలో ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. ఇక్కడ లెక్క మొదలయ్యేది గేటు దగ్గర కాదు, పన్ను దగ్గర.

1996 జనవరిలో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని తేల్చింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం వంటివి బేరీజు వేసి పందెం కాస్తారు కాబట్టి ఇది ఉత్త జూదం కాదంది. మంచిదే. కానీ జీఎస్టీ దాన్ని క్యాసినో, లాటరీ పక్కనే కూర్చోబెట్టింది. 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. అదీ క్లబ్బు తీసుకునే కమీషన్ మీద కాదు, కాసిన పందెం మొత్తం మీద. పైన చెప్పిన 5-1 మనిషినే తీసుకుందాం. వంద రూపాయల పందేనికి అతను 140 కట్టాలి. వంద పందేలకు 14,000 కట్టి, 12,000 తెచ్చుకుంటాడు. అతని అంచనా అణువంత కూడా తప్పలేదు, రెండువేలు పోయాయి. పన్నును టికెట్ ధరలోనే కలిపినా లెక్క తేలేది అక్కడికే. పన్ను లేకపోతే ఆరింట ఒకటి గెలిస్తే ఖర్చులు గట్టెక్కే గుర్రం, ఇప్పుడు నాలుగింట ఒకటికి దగ్గరగా గెలవాలి. ఆపైన గెలుపు సొమ్ము మీద 30 శాతం ఆదాయపన్ను వేరే. ఓడిన పందేలను అందులోంచి తీసేసుకునే వీలు చట్టం ఇవ్వలేదు.

నైపుణ్యమని ఒక చేత్తో సర్టిఫికెట్ ఇచ్చి, ఎంత నైపుణ్యం ఉన్నా గట్టెక్కలేని పన్ను ఇంకో చేత్తో వేయడం ఏం న్యాయం? జనం పందేలకు దూరంగా ఉండాలన్నదే ప్రభుత్వం ఉద్దేశమైతే ఆ మాట సూటిగా చెప్పొచ్చు. పన్ను పెంచినంత మాత్రాన పందెం ఆగదు. కౌంటరు దగ్గర్నుంచి లేచి రసీదు లేని బుకీ ఫోనులోకి వెళుతుంది. అక్కడ ప్రభుత్వానికి పైసా రాదు, గెలిచినవాడికి డబ్బు అందుతుందన్న భరోసా ఉండదు, అప్పు మీద ఆడించే అలవాటు మాత్రం ఉంటుంది. పన్ను క్లబ్బు కమీషన్ మీద ఉంటే చాలు. ఇంటి ఖర్చు డబ్బు తెచ్చి కాసేవాడిని ఏ పన్నూ కాపాడదు, ఏ నైపుణ్యమూ కాపాడదు. అతనికి రేస్‌కోర్సు గేటే దూరం.

క్లబ్బుల మీదా ఒక బాధ్యత ఉంది. హాంకాంగ్ జాకీ క్లబ్ ప్రతి గుర్రం శరీర బరువు, పరుగును భాగాలుగా విడగొట్టిన టైములు, పశువైద్యుల రికార్డు, తెల్లవారుజాము కసరత్తుల వివరాలు, పాత రేసుల వీడియోలు అన్నీ ఎవరైనా చూసుకునేలా పైసా తీసుకోకుండా పెడుతుంది.  వివరం దొరకనిచోట ‘టిప్’ రాజ్యమేలుతుంది. లాయం కుర్రాడి బావమరిది చెప్పాడని, జాకీ కారు డ్రైవరు చెవిలో వేశాడని వేలు కుమ్మరిస్తారు. గుర్రం 480 కిలోలుండి పోయినసారి గెలిచి, ఈసారి 465కు దిగిందంటే ఆ సంగతి చెవిలో చెప్పుకునే రహస్యం కాకూడదు. బోర్డు మీద, తెలుగులో కూడా, మొదటి టికెట్ తెగకముందే కనబడాలి. ఫేవరెట్ ఎందుకు వెనకబడిందని రేసు అధికారులైన స్టీవార్డ్స్ జాకీని అడిగినది, జాకీ చెప్పిన జవాబు అదే రాత్రి వెబ్‌సైట్‌లో ఉండాలి.