పెద్ద సంచి కొనేముందు వీపు కొలుచుకోండి

వీపున తగిలించుకొనే పెద్ద సంచి కొనడానికి వెళ్లినవారు దుకాణంలో వేసే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇది ఎన్ని లీటర్లు?” ప్రశ్న తప్పు కాదు గాని, అది రెండవదిగా అడగవలసినది. “ఇది నా వీపు కొలతకు సరిపోతుందా?” అన్నది మొదటిది. ఈ వరుస తారుమారైనందువల్ల మా కుటుంబంలోనే ఒక యువకుడు కొన్ని నెలలపాటు కుడిచేతిని తల మీదికి ఎత్తలేకపోయాడు. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

మా అక్క కొడుకు అమెరికాలోని డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వయసు ముప్పై ఎనిమిది, బరువు 68 కిలోలు. అక్కడి చట్టం కోరే శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకొని, ఒక సహోద్యోగితో కలిసి కొలరాడో కొండలలో ఎల్క్ వేటకు వెళ్లాడు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్దదైన ఒక జాతి దుప్పి. తగ్గింపు ధరకు దొరికిందని 110 లీటర్ల సంచి కొన్నాడు. అది అతని కంటే పొడుగాటి మనిషి వీపుకు తగినది. మూడవనాడు వేట ఫలించింది. ఇద్దరూ మాంసాన్ని పంచుకొని, ఒక్కొక్కరు నలభై కిలోలకు పైగా మోస్తూ, ఒకే విడతలో ఎనిమిది కిలోమీటర్లు దిగి వచ్చారు. మరునాడు ఉదయం నాకు ఫోను వచ్చింది. “మామయ్యా, చొక్కా వేసుకుందామంటే చేయి పైకి లేవడం లేదు. నొప్పి మాత్రం పెద్దగా లేదు” అన్నాడు.

నొప్పి లేదన్న మాటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. వీడియోలో అతని వీపు చూపించమని, రెండు అరచేతులూ గోడకు ఆనించి నెట్టమని చెప్పాను. కుడివైపు రెక్క ఎముక వీపు నుంచి విడివడి, పక్షి రెక్కలా వెనక్కు లేచింది. ఆ ఎముకను పక్కటెముకలకు అదిమి ఉంచే కండరానికి వెళ్లే నరం భుజం పట్టీ కింద గంటల తరబడి నలిగిందన్నమాట. వైద్యగ్రంథాలు దీనిని ‘రక్‌శాక్ పాల్సీ’ అంటాయి. బరువులతో నడిచే సైనికులలో ఇది ఎంతోకాలంగా తెలిసిన వ్యాధి. ఫ్రేము, నడుము పట్టీ ఉన్న సంచులు వాడేవారిలో ఇది బాగా తక్కువని కూడా సైనిక వైద్యులు గమనించారు.

భారతదేశంలోని పాఠకులకు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వన్యమృగాల వేట నేరం. ఇక్కడ నేను చెబుతున్నది, ప్రభుత్వమే సంఖ్య నిర్ణయించి అనుమతులిచ్చే అమెరికా పడమటి రాష్ట్రాల సంగతి. వేట మంచిచెడ్డల చర్చ వేరు. చట్టం అనుమతించిన పనికి వెళ్లే మన పిల్లలు ఆరోగ్యంగా తిరిగి రావాలన్నదే ఒక వైద్యుడిగా నా పట్టింపు.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష

మామూలు కొండ నడకలో సంచి రోజురోజుకూ తేలికవుతుంది. తిండి తరుగుతుంది, ఇంధనం తరుగుతుంది. వేటలో ఇది తలకిందులు. వెళ్లేటప్పుడు గుడారం, పడకసంచి, ఆహారం, నీళ్లు కలిపి పదిహేను, ఇరవై కిలోలు ఉంటాయి. వేట ఫలిస్తే, అలసట పరాకాష్ఠకు చేరిన రోజున, అసలు బరువు మొదలవుతుంది. పెరిగిన మగ ఎల్క్ సుమారు 320 కిలోలు తూగుతుంది. ఎముకలు తీసివేసినా తినదగిన మాంసం సుమారు 90 కిలోలు ఉంటుంది. తినదగిన మాంసాన్ని అడవిలో పారవేసి రావడం కొలరాడో చట్టం ప్రకారం నేరం. కనుక ఆ బరువును ఎవరో ఒకరు మోయక తప్పదు.

మన ఇళ్లకు వచ్చే బియ్యం బస్తా 25 కిలోలు. దానిని వీధి గుమ్మం నుంచి వంటింటికి చేర్చడానికే మనం ఇంకొకరిని పిలుస్తాము. మా మేనల్లుడు అలాంటివి ఒకటిన్నర బస్తాలకు మించి మోశాడు. అదీ రెండువేల ఐదువందల మీటర్లకు పైన, పల్చని గాలిలో, రాళ్ల మీద, చీకటిలో. పైగా తుపాకి పట్టీ కూడా అదే కుడి భుజానికి తగిలించుకున్నాడు.

భారం ఎక్కడ మోయాలి?

భుజం నిలువు బరువు మోయడానికి ఏర్పడిన కీలు కాదు. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుత్తి అంతా కాలర్ ఎముక కిందుగా, ఇరుకైన దారిలో ప్రయాణిస్తుంది. పట్టీ ఒత్తిడి అక్కడ పడితే చేయి తిమ్మిరెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. ఇందుకు భిన్నంగా నడుము కింది ఎముకల గూడు శరీరంలోకెల్లా దృఢమైన భాగాలలో ఒకటి. అక్కడ పడిన బరువు నేరుగా తొడ ఎముకలకు, కాళ్లకు చేరుతుంది. అందుచేత మంచి సంచి అంటే, బరువులో అధిక భాగాన్ని నడుముకు అప్పగించి, భుజాలను కేవలం సంచి వెనక్కు ఒరగకుండా పట్టి ఉంచడానికి వాడుకొనేది. ఆ పని గుడ్డ చేయలేదు. లోపల గట్టి ఫ్రేము ఉండాలి. ఆ ఫ్రేము పొడవు మీ వీపు పొడవుకు సరిపోవాలి. సంచి ధరలో ఎక్కువ భాగం ఈ ఫ్రేముకూ, నడుము పట్టీకే పెట్టండని నా సలహా.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక వెన్నుపూస ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. అది పై గుర్తు. తరువాత రెండు చేతులూ నడుముకిరువైపులా ఎముక అంచుల మీద, బొటనవేళ్లు వెనక్కు ఉండేలా పెట్టుకోండి. ఆ బొటనవేళ్లను కలుపుతూ గీత గీస్తే, అది వెన్నెముకను దాటే చోటు కింది గుర్తు. ఈ రెండింటి మధ్య దూరాన్ని మరొకరి చేత దర్జీ టేపుతో కొలిపించండి. అదే మీ వీపు కొలత. ఎత్తును బట్టి దీనిని ఊహించకండి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, మరొకరికి నడుము పొడుగు కావచ్చు.

నడుము పట్టీ ఆ ఎముక అంచులకు మధ్యగా చుట్టుకోవాలి. బొజ్జ ఉన్నవారికి పట్టీ కిందికి జారుతుంది. అప్పుడు తొడ వెలుపలి చర్మానికి వెళ్లే నరం నలిగి, అక్కడ మంట, తిమ్మిరి పుడతాయి. అలాగని పొట్ట మీద బిగిస్తే ఊపిరి సరిగా ఆడదు. స్త్రీల కటి ఆకృతి వేరు కనుక, వారికని చేసిన వంపుగల నడుము పట్టీలు, భుజం పట్టీలు తీసుకోవడం మేలు. భుజం పట్టీల పైనుంచి ఫ్రేము పైఅంచుకు వెళ్లే సన్నని పట్టీలు కొన్నింటికి ఉంటాయి. అవి సుమారు 45 డిగ్రీల కోణంలో పైకి వాలి ఉండాలి. సమతలంగానో, కిందికో వాలితే ఫ్రేము మీకు పొట్టిదని అర్థం.

దుకాణంలో ఖాళీ సంచి తగిలించుకొని అద్దంలో చూసుకొంటే ఏమీ తెలియదు. ఇరవై కిలోల బరువు వేయించుకొని, అరగంట నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి. తరువాత భుజం పట్టీ కింద వేళ్లు దూర్చి చూడండి. నడుము పట్టీ బిగించి ఉన్నప్పుడు ఆ వేళ్లు సులువుగా దూరాలి. దూరకపోతే బరువు భుజాల మీదనే ఉన్నట్లు.

లీటర్ల సంగతి

ఇప్పుడు లీటర్లకు వద్దాము. నాలుగైదు రోజుల వేటకు 80 నుంచి 110 లీటర్ల సంచులు వాడుకలో ఉన్నాయి. పెద్దది తీసుకోవడంలో తప్పులేదు. కాని దానికి పక్కపట్టీలతో గట్టిగా కుదించే వీలుండాలి. సగం నిండిన పెద్ద సంచిలో సామాను అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును ప్రతి అడుగులోనూ నడుము కండరాలే ఆపవలసి ఉంటుంది. ఫ్రేముకూ సంచికీ మధ్య మాంసపు మూటను ఇరికించి కట్టే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. వైద్యుని దృష్టితో చూస్తే అది చాలా మంచి ఏర్పాటు. బరువైన వస్తువు వీపును అంటిపెట్టుకొని, నడుముకు పైన ఉంటే మనిషి తక్కువగా ముందుకు వంగుతాడు.

పెద్ద సంచితో అసలు చిక్కు మరొకటి. ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. “ఇదొక్కటీ కూడా పెట్టేద్దాము, మళ్లీ రానక్కరలేదు” అనిపిస్తుంది. దీనిని ఎదుర్కోవాలంటే హద్దును ఇంటి దగ్గరే నిర్ణయించుకోవాలి. బహుళ దినాల నడకకు శరీర బరువులో అయిదవ వంతు అన్నది సాధారణంగా చెప్పే హద్దు. అంటే 70 కిలోల మనిషికి 14 కిలోలు. వేటలో ఆ హద్దులో ఉండటం కష్టమని నాకు తెలుసు. బాగా సాధన చేసిన ఆరోగ్యవంతుడు కూడా మూడవ వంతు, అంటే 23 కిలోలు దాటకూడదని నా అభిప్రాయం.

దీనికి అనుభవజ్ఞులైన వేటగాళ్లు చెప్పే అభ్యంతరం తేలికగా కొట్టిపారవేయదగినది కాదు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మాంసాన్ని ఒకటికి రెండు విడతలుగా మోస్తే, నడక మొత్తం ఇరవై నాలుగు కిలోమీటర్లవుతుంది. ఆలస్యమైతే ఎండకు మాంసం చెడుతుంది, ఎలుగుబంట్లు రావచ్చు. నిజమే. కాని దీనికి జవాబు సంచిలో లేదు. తుపాకి పేల్చక ముందు వేసుకొనే లెక్కలో ఉంది. ఇక్కడ జంతువు పడితే దారికి ఎంత దూరం? మోసేవారు ఎందరు? ఈ లెక్క తేలని చోట గురి పెట్టకపోవడమే వివేకం. పడిన తరువాత మాంసాన్ని గాలి ఆడే గుడ్డసంచులలో కట్టి, కళేబరానికి దూరంగా, దూరం నుంచే కనిపించే చెట్టుకు నీడలో వేలాడదీయవచ్చు. చల్లని శరత్కాలపు రాత్రి అది నిలుస్తుంది. అద్దెకు గుర్రాలు, కంచరగాడిదలు దొరికే ప్రాంతాలూ ఉన్నాయి. వాటికయ్యే ఖర్చు ఒక నరాన్ని బాగుచేసుకోవడానికి అయ్యే ఖర్చు కంటే తక్కువ.

గుండె మాట మరవకండి

మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఇది. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు, ఇతరులకు దాదాపు 59 ఏళ్లకు వచ్చినట్లు తేలింది. ఏడాదంతా కుర్చీలో కూర్చొని పనిచేసి, ఒక వారం పాటు ఎత్తయిన కొండలలో బరువు మోయడం గుండెకు పెట్టే కఠిన పరీక్ష. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు, పొగ అలవాటు లేదా కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే తమ వైద్యుని సంప్రదించండి. ఆ రెండు నెలలూ వారానికి మూడు రోజులు సంచి తగిలించుకొని నడవండి. అయిదు కిలోలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. కొండ చేరాక ఒకటి రెండు రోజులు ఆ ఎత్తుకు శరీరాన్ని అలవాటు పడనివ్వండి.

దారిలో చేయి తిమ్మిరెక్కితే వెంటనే ఆగి సంచి దించండి. పట్టీలు సరిచేసి, బరువు తగ్గించి గాని మళ్లీ ఎత్తకండి. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే మాంసం అక్కడే వదిలి సహాయం కోరండి. సెల్‌ఫోను పనిచేయని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం దగ్గర ఉండాలి. తోడు లేకుండా బరువు మోయకండి. బరువు ఎత్తేముందు తుపాకిలోని తూటాలు తీసివేయండి.

హిమాలయాలలో ట్రెక్కింగుకు వెళ్లే మన యువతీయువకులకూ కొలతల నియమాలు ఇవే. వారికి 50, 60 లీటర్లు చాలు.

మా మేనల్లునికి అక్కడి నరాల వైద్యుడు పరీక్షలు చేయించి, వ్యాయామ చికిత్స చెప్పాడు. చేయి పూర్తిగా పైకి లేవడానికి ఏడు నెలలు పట్టింది. అందరికీ అంత త్వరగా బాగుకాదు. కొందరికి ఏడాదో, రెండేళ్లో పట్టవచ్చు. ఆ పెద్ద సంచిని అతడు అమ్మివేశాడు. ఈసారి వీపు కొలత రాసుకొని దుకాణానికి వెళ్లాడు. నిరుడు మళ్లీ ఎల్క్ దొరికినప్పుడు నలుగురు మిత్రులు కలిసి, తలా 22 కిలోల చొప్పున దించారట. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, “మామయ్యా, రెండు చేతులూ లేస్తున్నాయి” అన్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతున్నవారుంటే, ఈ రోజే దర్జీ టేపు తీసి వారి వీపు కొలవండి.