ఆసనం క్రింద అనలుడు



సంధులూ సమాసాలూ తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు మోటారు బండ్ల గురించి టపా వ్రాయడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. బండి నడపడం నాకు రాదు. అయితే ముప్ఫై ఏండ్లకు పైగా సాలూరు, పార్వతీపురం ప్రాంతాలలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, నా శిష్యులలో పద్యం మరువనివారి కంటె లారీ స్టీరింగు పట్టినవారే ఎక్కువ. వారిలో ఒకడు మొన్న ఒక ప్రశ్నతో మా ఇంటికి వచ్చాడు. వాడికిచ్చిన సమాధానం ఇక్కడ కూడా వ్రాసి ఉంచితే మరి నలుగురికి పనికివస్తుందని తోచింది.

మా సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. లారీలు కొనేవారూ, నడిపేవారూ, బాడీలు కట్టేవారూ వీధికి పదిమంది కనిపిస్తారు. పూర్వం 43, నేడు 26వ నంబరు గల జాతీయ రహదారి మా ఊరి మీదుగానే సుంకి ఘాటెక్కి కొరాపుట్ వైపు సాగుతుంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇది విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. జిల్లా మారినా ఘాటు మలుపులు మాత్రం మారలేదు.

నా శిష్యుడిది లారీ కాదు, తండ్రినాటి పాత జీపు. వెనుక భాగం కోసి, పొడిగించి, పికప్ బండిగా మార్చుకున్నారు. పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టారు. సంతరోజున చింతపండూ, జీడిపిక్కలూ, అనాసకాయలూ అందులోనే దిగుతాయి. బస్తాలపైన పదిమంది మనుషులు కూడా కూర్చుంటారన్నది అందరికీ తెలిసిన రహస్యమే.

"మేస్టారూ, సుంకి దాటితే డీజిలు సవక. పక్కన ఇంకో అరవై లీటర్ల ట్యాంకు కట్టించేద్దారనుకుంటన్నాను. మా ఆవిడ వద్దంటంది. మీరో మాట సెప్తే ఇంటాదండి" అన్నాడు. వాడి భార్య కూడా నా విద్యార్థినియే. అంటే వాడు సలహాకు రాలేదు, సిఫారసుకు వచ్చాడు.

"ఇప్పుడున్న ట్యాంకు ఎక్కడుందిరా?" అని అడిగాను.

"నా సీటు కిందేనండి" అన్నాడు, అదొక విశేషమే కానట్టు.

విశేషమే. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే ఉండేది. అందులో పట్టేది పదిహేను అమెరికా గ్యాలన్లు, అనగా దాదాపు 57 లీటర్లు. పొట్టి బండి, యుద్ధపు అవసరం. చోటున్న దగ్గర పెట్టారు. 1947 నుండి మహీంద్రా సంస్థ ఆ జీపులను మనదేశంలో కూర్చడం మొదలుపెట్టింది. అలా ఆ యుద్ధకాలపు అమరిక మన కొండదారులకు కూడా వచ్చింది. ఆ రోజులలో అది తప్పని ఎవరికీ తోచలేదు.

అమెరికాలోనూ అంతే. అక్కడి పికప్ ట్రక్కులలో చాలాకాలం ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనుకనే ఉండేది. జనరల్ మోటార్స్ సంస్థ 1973 నమూనాలతో దానిని క్యాబిన్ నుండి బయటకు తెచ్చింది. తెచ్చి ఛాసిస్ పట్టాలకు వెలుపల, బండి ప్రక్కలకు వ్రేలాడదీసింది. రెండు ప్రక్కలా రెండు ట్యాంకులు పెట్టే వీలు కలిగి, ఎక్కువ దూరం పోవచ్చునని జనం సంతోషించారు. కానీ ప్రక్కనుండి మరొక బండి వచ్చి గుద్దితే దెబ్బ నేరుగా ట్యాంకు మీదనే పడుతుంది. ఎన్నో ప్రాణాలు పోయాయి, వ్యాజ్యాలు నడిచాయి. 1988 నాటి కొత్త నమూనాలో ట్యాంకును ఛాసిస్ పట్టాల నడుమకు చేర్చారు. 1994 డిసెంబరులో ఆ సంస్థ భద్రతా కార్యక్రమాలకు ఐదుకోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పాత బండ్లను మాత్రం వెనక్కు పిలవలేదు. లోపలి ప్రమాదాన్ని బయటకు తోసినంత మాత్రాన అది తీరిపోలేదన్నమాట.

ఇవి ఎక్కడో జరిగిన సంగతులు కదా అంటారేమో. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఒక బస్సు కల్వర్టును ఢీకొని, డీజిలు ట్యాంకు పగిలి, మంటలంటుకున్నాయి. 45 మంది నిద్రలోనే కాలిపోయారు. డీజిలు పెట్రోలంత తేలికగా అంటుకోదన్న ధైర్యం మన మెకానిక్కులలో ఉంది. ట్యాంకు పగిలి, చిమ్మి, వేడి లోహం మీద పడిన తరువాత ఆ తేడా ఎవరినీ కాపాడదు.

అందుచేత నా శిష్యుడికి రెండు మాటలు చెప్పాను. సీటు క్రింది ట్యాంకును తీయించు. ప్రక్కన రెండవది కట్టించకు. మొదటిది మార్పు, రెండవది ఆశ. ఈ రెండింటినీ ఒకే గాట కట్టరాదని నా అభిప్రాయం.

ట్యాంకును మార్చడమైనా చిల్లరపని కాదు. అది మనుషులు కూర్చునే చోటికి వెలుపల, ఛాసిస్ పట్టాల నడుమ, వెనుక ఇరుసుకు ముందుగా ఉండాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉండాలి. లోపల అడ్డుపలకలు లేకపోతే ఘాటు మలుపులో డీజిలంతా ఒకవైపుకు కొట్టుకుపోయి బండినే లాగుతుంది. అరవై లీటర్లంటే సుమారు యాభై కిలోల బరువు. లోపలి ఆవిరి పోవడానికి గాలిగొట్టం ఉండాలి, బండి బోల్తాపడితే అందులోనుండి చమురు కారకుండా కవాటమూ ఉండాలి. ఇక రెండు ట్యాంకులు పెట్టుకుంటే మరొక చిక్కుంది. డీజిలు ఇంజను వాడగా మిగిలిన చమురును తిరిగి ట్యాంకుకే పంపుతుంది. పోయే గొట్టాన్ని ఒక ట్యాంకుకు మార్చి, వచ్చే గొట్టాన్ని రెండవదానికే వదిలేస్తే, ఒకటి ఎండిపోతుంటే మరొకటి పొంగి రోడ్డు మీద కారుతుంది. ఈ సంగతి నాకు చెప్పినవాడు లారీ షెడ్డులో పనిచేసే మరొక శిష్యుడు.

వాడి కుడిచేతి గురించి కూడా చెప్పాలి. తొమ్మిదవ తరగతిలో బడి మానేసి షెడ్డులో చేరాడు. చేరిన ఏడాదిలోపే, చిల్లుపడిన పెట్రోలు ట్యాంకును ఖాళీ చేసి వెల్డింగుకు కూర్చున్నాడు. ఖాళీయే కదా అనుకున్నాడు. చమురు పోయినా ఆవిరి మిగిలి ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు కనుక తనంతట తాను లేచిపోదు. నిప్పురవ్వ తగలగానే ప్రేలింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. నేటికీ ఆ చేతి వ్రేళ్ళు పూర్తిగా ముడుచుకోవు.

అదే పిల్లవాడికి నేను అగ్నికి పర్యాయపదాలు వల్లె వేయించాను. అనలుడు అంటే 'అలం', అనగా చాలు, అని ఎన్నడూ అననివాడని వ్యుత్పత్తి కూడా చెప్పాను. పరీక్షలో సరిగ్గానే వ్రాశాడు. ఖాళీ ట్యాంకును ముందు నీళ్ళతో కడిగి, నీరు నింపి మరీ వెల్డింగు చేయాలన్న ముక్క మాత్రం అటు షెడ్డులోనూ ఎవరూ చెప్పలేదు, ఇటు బడిలోనూ చెప్పలేదు. ఆ లోటు నాదే అని నేననడం లేదు. కానీ నాలుగు మైళ్ళ దూరంలో లారీ షెడ్లున్న బడిలో ఆ పాఠానికి అరగంట దొరకకపోవడం న్యాయమా?

చట్టం సంగతికి వద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను బండి రూపురేఖలు మార్చడాన్ని కట్టడి చేస్తుంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదనపు ట్యాంకుల విషయంలో ఈ కఠినత్వం సబబే. అయితే సీటు క్రింది ట్యాంకును భద్రమైన చోటికి తరలించదలచిన పాత బండి యజమానికి, రవాణా కార్యాలయంలో పరీక్షించి పత్రంలో నమోదుచేసే సులువైన దారి ఉండాలని నా విన్నపం. దారి లేకపోతే ఆ పని ఆగదు; రాత్రిపూట చెట్టుక్రింద జరుగుతుంది.

మన చుట్టిళ్ళ ఊళ్ళలో పెద్దలు గడ్డికుప్పను ఇంటికి ఎడంగా వేసేవారు. పూరికప్పుకు నిప్పంటితే ఊరంతా పోతుందని వారికి అనుభవం. ఇల్లు ఇరుకైనా ఆ ఎడం మాత్రం వదులుకోలేదు.

నా శిష్యుడు లెక్కలు వేసి చూపాడు. లీటరుకు అయిదు రూపాయలు మిగిలినా అరవై లీటర్లకు మూడువందలు. "తక్కువేటండి?" అన్నాడు. తక్కువేమీ కాదు. వారానికి రెండుసార్లు ఘాటెక్కేవాడికి అది పిల్లల ఫీజు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బస్తాల మీద కూర్చునే పదిమందిలో ఎవరినీ ఆ లెక్కలోకి తీసుకోలేదని మాత్రం అన్నాను. మాట్లాడకుండా కాఫీ త్రాగి వెళ్ళిపోయాడు.

రెండు వారాల తరువాత వాడి భార్య ఫోను చేసింది. రెండవ ట్యాంకు కట్టించలేదట. మొదటిది మార్చడానికి ఏయే కాగితాలు కావాలో తెలుసుకుంటున్నారట.

"అంతవరకూ పిల్లల్ని ముందు సీట్లో ఎక్కనివ్వడం లేదండి మేస్టారూ" అంది.

ఇటువంటి మార్పును సక్రమంగా నమోదు చేయించుకున్నవారు మీలో ఉంటే, ఆ పద్ధతిని వ్యాఖ్యగా వ్రాయగలరు. ఆమెకు చదివి వినిపిస్తాను.