ఒక్క టికెట్టు

'ఎన్ని మా?' అన్నాడు కండక్టరు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూస్తూ.

'ఒకటే నాయనా... బళ్లారికి.'

ఆదోని బస్టాండులో ఆ మాట అనడానికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు పట్టింది.

ఎమ్మిగనూరులో ఓ చేనేత ఇంటి ఇల్లాలామె. తిరుపతి ఏడుసార్లు చూసింది. శ్రీశైలం నాలుగుసార్లు. పక్కనే ఉన్న మంత్రాలయానికైతే లెక్కేలేదు. ఎప్పుడు వెళ్లినా వెంట అత్తో, ఆడబిడ్డో, పిల్లలో ఉండేవాళ్లు. దేవుడి ముందు నిలబడ్డ సమయం కంటే చెప్పులకీ, సంచులకీ కాపలా కాసిన సమయమే ఎక్కువ. హంపి మాత్రం చూడలేదు. భర్త పోయి మూడేళ్లు. బెంగళూరులో ఉన్న కొడుకు ఎప్పుడడిగినా ఒకటే మాట... 'ఒక్కదానివే యాడికి పోతావు మా? దసరాకు వస్తా గదా, కార్లో తీస్కపోతా.'

అలా అయిదు దసరాలు వెళ్లిపోయాయి. ఆరో దసరా కోసం ఆమె ఆగలేదు. రెండు చీరలు, నీళ్ల సీసా, బీపీ మాత్రలు, ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

హంపి ఆమెకు పుస్తకాల్లో చదివిన ఊరు కాదు. నాయన చెప్పిన ఊరు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘంలో ఆయన నేతగాడు. మగ్గం గుంతలో కూర్చుని కథలు చెప్పేవాడు. 'హంపి పరాయి ఊరు కాదు పాపా, మన జిల్లానే' అనేవాడు. అప్పుడామెకు అర్థమయ్యేది కాదు. హంపి కర్ణాటకలో ఉందని బళ్లో చెప్పారు మరి!

నాయన చెప్పిందీ నిజమే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఒకప్పుడు బళ్లారి జిల్లాలోవి. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. హంపి ఉన్న హోస్పేట తాలూకాదీ అదే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ మూడు తాలూకాలు ఇటొచ్చాయి. బళ్లారి, హోస్పేట అటు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాయి. అప్పటికి నాయనకు పదిహేనేళ్లు. ఆయన ఉన్నచోటే ఉన్నాడు, జిల్లా మారిపోయింది. ఇప్పుడు హంపి బళ్లారి జిల్లాలో కూడా లేదు. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో ఉంది.

బస్సు ఆలూరు దాటింది. బోర్డుల మీద అక్షరాలు మారాయి. మాట మాత్రం ఒక్కసారిగా మారలేదు. పక్క సీటులోని ఆమె 'ఎల్లిగె హోగ్బేకమ్మా?' అని కన్నడంలో అడిగితే ఈమె తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరికీ అర్థమైంది. బళ్లారిలో టిఫిన్‌కు ఒగ్గరణె మండక్కి తెచ్చిపెట్టారు. చూస్తే మన ఉగ్గాని! పక్కన మిరపకాయ బజ్జీతో సహా.

బళ్లారిలో బస్సు మారింది. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు దాటాక గుట్టలు మొదలయ్యాయి. ఎవరో చేత్తో పేర్చినట్టు బండ మీద బండ! హోస్పేట పక్కనే తుంగభద్ర డ్యాం. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు దిగువ కాలువలో వచ్చే నీళ్లు ఇక్కడివే. 2024 ఆగస్టులో ఈ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ పొలాల రైతులకు నిద్ర పట్టలేదు. హంపి పక్కన పారేదీ ఆ నదే.

చిక్కు హోస్పేటలో వచ్చింది. మొదట అడిగిన లాడ్జిలో గుమాస్తా ఆమె వెనక్కి చూసి 'ఎవరూ లేరా?' అన్నాడు. లేరంది. 'ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వం' అన్నాడు. తన కొడుకు కంటే చిన్నవాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. తిరుగు బస్సు ఎక్కేద్దామనిపించింది. బస్టాండు బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగింది. కొడుక్కి ఫోన్ చేయబోయి ఆగిపోయింది. చేస్తే ఏమంటాడో తెలుసు. లేచి రెండో లాడ్జికి వెళ్లింది. అక్కడి పెద్దాయన ఆధార్ చూసి, రిజిస్టరులో సంతకం చేయించుకుని తాళం చెవి ఇచ్చాడు. 'ఎమ్మిగనూరా? మా చెల్లెల్ని ఆదోనిలోనే ఇచ్చినాం అక్కా' అన్నాడు.

హోస్పేట నుంచి హంపికి 13 కిలోమీటర్లు. బస్సులకు కొదవలేదు. మధ్యాహ్నానికల్లా విరూపాక్షుడి గుడి ముందుంది. తొమ్మిది అంతస్తుల గోపురం. ఎత్తు దాదాపు 50 మీటర్లు. చుట్టూ ఇన్ని గుళ్లు శిథిలమైనా ఇక్కడ దీపం వెలుగుతూనే ఉంది. దర్శనానికి ఎవరూ తొందరపెట్టలేదు. రంగమండపం పైకప్పులో పాత బొమ్మలున్నాయి. గిరిజా కల్యాణం, మత్స్యయంత్రం కొడుతున్న అర్జునుడు, పల్లకీలో విద్యారణ్యులు... మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. 'పద పద' అనేవాళ్లు లేరు కదా! గుడి వెనక ఓ చీకటి గదిలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. చిన్న కంతలోంచి వెలుగు వచ్చి చేసే చిత్రం అది.

సాయంత్రం కృష్ణాలయానికి నడిచింది. మన నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కోటను గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించిన గుడి. ఇప్పుడు గర్భగుడిలో విగ్రహం లేదు. చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడికి దగ్గర్లోనే 1528లో ఒకే బండలో చెక్కిన లక్ష్మీనరసింహస్వామి. 6.7 మీటర్ల విగ్రహం. ఒళ్లో ఉండాల్సిన లక్ష్మీదేవి లేదు, పగలగొట్టారు. స్వామి వీపు మీద అమ్మవారి చెయ్యి మాత్రం మిగిలింది. గైడు ఎవరికో ఆ చెయ్యి చూపిస్తుంటే ఆమె కూడా వెళ్లి చూసింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

రెండో రోజు పొద్దున్నే ఆటో మాట్లాడుకుంది. ముందు హజారరాముడి గుడి. గోడల చుట్టూ రామాయణమంతా వరసల్లో చెక్కారు. చదువు రానివాళ్లకూ కథ తెలిసిపోతుంది. ప్రాకారం గోడ మీద ఏనుగులు, గుర్రాలు, కోలాటమాడే ఆడవాళ్లు. ఒకదాని కింద ఒకటి బారులు తీరి ఉన్నాయి. ఆమె దగ్గరకెళ్లి వేళ్లు తాకించకుండా లెక్కపెట్టింది. చీర అంచులో బుటా ఎక్కడ మళ్లీ మొదలవుతుందో చూసే అలవాటు అది. రాయిలో మాత్రం ఏ ఏనుగూ ఇంకో ఏనుగులా లేదు. మగ్గం మీద సాధ్యం కాని పని!

ఆఖరుకి విఠలుడి గుడి. పార్కింగు నుంచి బ్యాటరీ బండిలో వెళ్లాలి. ముంగిట్లో రాతి రథం. ఆమె కొంగు ముడి విప్పి యాభై రూపాయల నోటు తీసింది. వెనక వైపు ఆ రథమే! 2017లో వచ్చిన కొత్త నోటు మీద అచ్చేశారు. ఏడెనిమిదేళ్లుగా కూరగాయలకి ఇస్తున్న కాగితం మీద ఉన్నది ఇదన్నమాట. స్తంభాలను తాకనివ్వరు. గర్భగుడిలో దేవుడు లేడు. టెంకాయ కొట్టే చోటు లేదు. దండం ఎవరికి పెట్టాలో తోచక ఓ క్షణం నిలబడిపోయింది.

అప్పుడు నాయన మాట గుర్తొచ్చింది. 'ఆడ దేవుడు లేడు పాపా. చూడాల్సింది మనుషుల పని.'

ఆ పనిని 1565 యుద్ధం తర్వాత నెలల తరబడి కూలగొట్టారని చరిత్ర. మూడేళ్లకు, 1568లో, ఆదోని కోట కూడా బిజాపూరు సుల్తాను చేతికి వెళ్లింది. రెండు ఊళ్లూ ఒకే దెబ్బ తిన్నాయి. యునెస్కో 1986లో హంపిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ప్రపంచం నలుమూలల నుంచీ వస్తున్నారు. ఆదోని నుంచి రెండు బస్సులు మారి రావడానికే తీరిక దొరకలేదు!

నాయన హంపి చూశాడా? ఆ ప్రశ్న ఆమెకు రథం ముందే వచ్చింది. బొమ్మల గురించి చెప్పేవాడు, రథం గురించి చెప్పేవాడు. కానీ 'నేను పోయినప్పుడు' అని ఎన్నడూ అనలేదు. 'ఒకసారి పోదాం పాపా' అనేవాడంతే. ఆయనా ఎవరి తోడు కోసమో ఎదురుచూస్తూ ఉండిపోయాడేమో.

రాత్రికి ఇల్లు చేరింది. ఎదురింటామె గుమ్మంలోనే అడిగింది, 'ఎవురితో పోయింటివక్కా?' అని.

'నేనే పోయింటి.'

'భయం కాలేదా?'

'లాడ్జికాడ అయింది. ఆనక కాలేదు.'

ఎదురింటామె కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది... 'ఆదోనిలో బళ్లారి బస్సు ఎన్నింటికక్కా?'

ఆదివారం కొడుకు ఫోన్ చేశాడు. కోప్పడ్డాడు. తర్వాత నవ్వాడు. 'దసరాకు కచ్చితంగా వస్తా మా' అన్నాడు.

'రా నాయనా' అందామె. 'హంపి నేను చూపిస్తా.'