గుడ్లవల్లేరులో ఆకుపచ్చ ఇంజను

పోయిన నెల మా మావయ్య మా ఇంటికొచ్చాడు. వన్ టౌన్‌లో శివాలయం వీధి పక్క సందు మాది. మేడమీద గదిలో ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద నేను కట్టుకుంటున్న బొమ్మ రైల్వే స్టేషను ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయనకి 88 ఏళ్ళు. గ్లకోమా వల్ల చూపు దాదాపు పోయింది. అందుకని చేత్తోనే చూస్తాడు. ప్లాట్‌ఫారం తడిమాడు, పట్టాలు తడిమాడు, పట్టాల మీద ఉన్న ఇంజను తడిమాడు.

"ఏ ఊరురా ఇది?"

"గుడ్లవల్లేరు మావయ్యా. మన బందరు లైను."

"ఏ ఏడాది?"

నా దగ్గర జవాబు లేదు. ఊరు పెట్టాను గానీ ఏడాది పెట్టుకోలేదు. ఆయన ఇంజనుని ఇంకోసారి తడిమి, "ఇది మన లైను ఇంజను కాదురా" అని చెయ్యి తీసేశాడు.

నిజమే మరి. అది మా అమ్మాయి ఇంగ్లండు నుంచి నా షష్టిపూర్తికి పంపిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. హార్న్‌బీ వాళ్ళ బొమ్మ. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌ల కోసం 1923లో కట్టిన ఇంజను. అది గుడ్లవల్లేరు ప్లాట్‌ఫారం మీద, ధాన్యం బస్తాల పక్కన నిలబడి ఉంది. పల్లెటూరి పెళ్ళికి సూటూ బూటూ వేసుకొచ్చిన పెద్దమనిషిలా! నాకు ముచ్చటగానే ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళూ బావుందనే అన్నారు. ఆ లైను మీద బొగ్గు వేసిన మనిషి మాత్రం ఒక్క నిమిషంలో కాదనేశాడు.

మావయ్య 1957లో ఇరవయ్యో ఏట క్లీనరుగా చేరాడు. తర్వాత ఫైర్‌మన్ అయ్యాడు. డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన చేతికి తెలిసిన ఇంజను ఒకటి ఉంది. అదేదో కనుక్కుని, ఆయన చేతికి అందేలా చెయ్యాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. వచ్చే సంక్రాంతికి మళ్ళీ వస్తానన్నాడు. ఆ వయసులో "మళ్ళీ వస్తా" అన్న మాటని తేలిగ్గా తీసుకోలేం కదా.

ఇలాంటి పని మొదలెట్టేవాళ్ళందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. ముందు ఇంజను కొంటాం, తర్వాత దానికో స్టేషను కడతాం. చెయ్యాల్సింది తలకిందులుగా. ముందు లైను, తర్వాత ఏడాది, ఆఖర్న ఇంజను. మన బందరు లైనునే తీసుకోండి. బెజవాడ నుంచి బందరుకి 1908లో రైలొచ్చింది, అదీ మీటర్‌గేజ్ మీద. గుడివాడ నుంచి భీమవరం కొమ్మ 1928లో కలిసింది. 1960ల్లో ఇదంతా బ్రాడ్‌గేజ్ అయింది. ఆ తర్వాత డీజిలొచ్చింది. ఇప్పుడు పైన కరెంటు తీగలు. స్టేషను అదే, పేరూ అదే. ఏడాదిని బట్టి దాని ముందు ఆగే ఇంజను మాత్రం వేరు.

మన రైల్వేవాళ్ళు ఇంజన్లకి పెట్టిన పేర్లలోనే సగం కథ ఉంది. మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజ్, వై అంటే మీటర్‌గేజ్, జెడ్ అంటే రెండున్నర అడుగుల నేరోగేజ్. ఆవిరి ఇంజనైతే రెండో అక్షరం పని చెబుతుంది. పి అంటే ప్యాసింజరు, జి అంటే గూడ్సు, ఎల్ అంటే తేలికపాటి లైన్లది. డీజిలైతే మధ్యలో డి చేరుతుంది. నేను కాలేజీ రోజుల్లో బందరు వెళ్ళిన బండికి ఉండేది డబ్ల్యు.డి.ఎం.-2. దాని గుర్రు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నిజం చెప్పొద్దూ, నా మనసు దాని మీదే. హెచ్.ఓ. సైజులో మన డీజిళ్ళ నమూనాలు దొరుకుతాయి కూడా. కానీ ఆ ఇంజను పెడితే అది నా గుడ్లవల్లేరు అవుతుంది, మావయ్యది కాదు. డబ్బులు చేతిదాకా వచ్చాక ఆగిపోయాను.

ఏడాది తేల్చడానికి మా అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి ఒక ఫొటో బయటికొచ్చింది. ఇంజను పక్కన బనీను, ఖాకీ నిక్కరు, తలకి గుడ్డ కట్టుకుని మావయ్య. వెనకాల తేదీ లేదు. ఇంజను ముందు భాగం ఫొటోలో పడలేదు. కానీ టెండరు మీద, అదేనండీ, ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ ఉండే పెట్టె మీద, ఎస్.ఆర్. అన్న రెండు ఇంగ్లిషు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఆ రెండక్షరాలే నాకు తాళంచెవి.

1951 ఏప్రిల్ 14కి ముందు ఈ లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది. కాబట్టి అప్పటి ఇంజను మీద ఎం.ఎస్.ఎం. అని ఉండాలి. ఆ రోజున సదరన్ రైల్వే పుట్టింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడి, విజయవాడ డివిజను దాంట్లోకి వచ్చింది. అంటే ఎస్.ఆర్. అక్షరాలు ఈ రెండు తేదీల మధ్యవి. మావయ్య చేరింది 1957లో. "నేను చేరిన కొన్నేళ్ళకే పెద్ద పట్టాలేశారు" అని ఆయనే చెప్పాడు. అరవై ఏళ్ళ గందరగోళం కాస్తా నాలుగైదేళ్ళకి దిగింది. ఇద్దరం కలిసి 1959 అని ఖాయం చేసుకున్నాం.

ఏడాది ఖాయమయ్యాక కావాల్సిన ఇంజన్లకన్నా అక్కర్లేనివే ముందు తేలిపోయాయి. డబ్ల్యుతో మొదలయ్యేవన్నీ బయటికి, అవి బ్రాడ్‌గేజ్‌వి. మీటర్‌గేజ్ డీజిలు వై.డి.ఎం.-4 కూడా బయటికే, అది అమెరికా నుంచి దిగడం మొదలైంది 1961లో. ఇక మిగిలినవి నాలుగు. 1920ల చివర్లో రూపుదిద్దుకున్న వై.బి., స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వై.పి., వై.జి., వై.ఎల్.

ఇక్కడ చక్రాలు లెక్కపెట్టాలి. ఒకవైపు నుంచి చూస్తే వై.జి.కి పెద్ద చక్రాలు నాలుగు, మిగతావాటికి మూడు. ఫొటోలో మూడే ఉన్నాయి. వై.జి. పోయింది. వై.బి.కి పక్కన నడిచే పలక కిందికి, చక్రాలకి దగ్గరగా ఉంటుంది. ఫొటోలో అది బాగా ఎత్తున ఉంది, చక్రాలు నిండుగా కనబడుతున్నాయి. అది అమెరికా పద్ధతి. వై.పి. మొదటి ఇంజన్లు 1949లో అక్కడి బాల్డ్‌విన్ కంపెనీలోనే తయారయ్యాయి. సరే, వై.బి. కూడా పోయింది. మిగిలిన రెండింటికీ తేడా ముందుండే చిన్న చక్రాల్లో ఉంది. వై.పి.కి రెండు జతలు, వై.ఎల్.కి ఒకటే జత. ఆ ముక్కేమో ఫొటోలో లేదాయె!

ఫోను చేశాను. "మావయ్యా, ముందు చిన్న చక్రాలు ఎన్ని జతలు?"

"రెండు. రోజూ తుడిచినవాణ్ణి, నాకు తెలీదట్రా? చలికాలం పొద్దున్నే ఆ రెండు జతల మధ్యకి దూరి నూనెగుడ్డతో తుడుస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి."

వై.పి. ఖాయం. అరవై ఏడేళ్ళ తర్వాత ఆ జవాబు ఆయన వేళ్ళలోంచే వచ్చిందనిపించింది నాకు.

ఇప్పుడు అసలు తలనొప్పి. వై.పి. ఎక్కడ కొనాలి? మన మీటర్‌గేజ్ ఆవిరి ఇంజను రెడీమేడ్‌గా నాకెక్కడా దొరకలేదు. ఇత్తడితో చేయించుకోవచ్చు గానీ ఆ ధర వింటే మా ఆవిడ నన్ను కూడా బొమ్మల అల్మరాలో పెట్టేస్తుంది. అప్పుడు కాగితం మీద లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. ఆ లెక్కల్లోనే ఓ విచిత్రం తేలింది.

మా అమ్మాయి పంపిన సెట్టు టి.టి. సైజుది. అంటే అసలులో 120వ వంతు. పట్టాల వెడల్పు 12 మిల్లీమీటర్లు. నేనేమో తెలియక మనుషుల బొమ్మలూ ఎడ్లబండీ హెచ్.ఓ. సైజులో, అంటే 87వ వంతులో కొన్నాను. పెట్టె విప్పాక సైజులు కలవక నాలిక్కరుచుకున్నాను. ఆ తప్పే ఇప్పుడు కలిసొచ్చింది. 12ని 87తో గుణిస్తే 1044. మీటర్‌గేజ్ వెడల్పు 1000 మిల్లీమీటర్లు. బొమ్మ సైజులో తేడా అర మిల్లీమీటరు! అంటే నా గుడ్లవల్లేరులో అప్పటికే మీటర్‌గేజ్ పట్టాలు ఉన్నాయన్నమాట. బ్రాడ్‌గేజ్‌కి ఈ అదృష్టం లేదు. మన 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19 పైన వస్తుంది, బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాలు 16.5. మూడు మిల్లీమీటర్ల లోటుతో సర్దుకోవాలి.

రెండో లెక్క ఇంకా బావుంది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పెద్ద చక్రం వ్యాసం ఆరడుగుల ఎనిమిదంగుళాలు. 120వ వంతు చేస్తే 17 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. వై.పి. చక్రం నాలుగడుగుల ఆరంగుళాలు. 87వ వంతు చేస్తే 16కి కాస్త తక్కువ. తేడా ఒక్క మిల్లీమీటరు పైచిలుకు. చక్రాల వరసా అదే: ముందు రెండు జతలు చిన్నవి, తర్వాత మూడు పెద్దవి, వెనక ఒక చిన్నది. మావయ్య ఇంజనుకి కావాల్సిన కాళ్ళు ఆ ఆకుపచ్చ ఇంజను కిందే ఉన్నాయి.

అయితే దాన్ని విప్పాలి. అక్కడే చెయ్యాడలేదు. అమ్మాయి ముచ్చటపడి పంపింది. వారం రోజులు స్క్రూడ్రైవరు పట్టుకోవడం, కింద పెట్టడం. ఆఖరికి దానికే ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాతయ్యకేగా నాన్నా, విప్పేయ్. పైడొప్ప మాత్రం పారెయ్యకు" అంది. ఆ ఆకుపచ్చ డొప్ప ఇప్పుడు అల్మరాలో, దాని బారసాల ఫొటో పక్కన ఉంది.

వై.పి. డొప్ప ఆటోనగర్‌లో త్రీడీ ప్రింటింగ్ చేసే కుర్రాడొకడు చేసిచ్చాడు. కొలతలు నేను గీసిచ్చాను. రెండుసార్లు వంకర వచ్చింది, మూడోసారి కుదిరింది. వై.పి. నిడివి ఎక్కువ కాబట్టి చిన్న చక్రాల్ని ముందుకీ వెనక్కీ జరిపి బిగించాల్సొచ్చింది. పెద్ద చక్రాల దగ్గర ఆ మిల్లీమీటరు ఎక్కువే ఉంది. తెలిసినవాళ్ళు చూస్తే పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి. రంగు నలుపు.

ఇంజనుతో పాటు మిగతావీ 1959లోకి రావాలి కదా. స్టేషను గోడ మీద లవకుశ పోస్టరు అంటించుకున్నాను, చించేశాను. అది 1963 సినిమా. దాని స్థానంలో ఇల్లరికం వచ్చింది. కరెంటు తీగల స్తంభాలు పీకేశాను. పెట్టెల మీద మూడో తరగతి అని రాయించాను. రైళ్ళలో ఆ తరగతి 1974 దాకా ఉంది, ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నేలకి మాత్రం ఏ ఏడాదైనా మా ఇంట్లో వాడి ఎండబెట్టిన టీపొడే.

మొన్న సంక్రాంతికి మావయ్య అన్నమాట ప్రకారం వచ్చాడు. మెట్లెక్కడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. ఇంజను పట్టాల మీంచి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో ముందు నుంచి వెనక్కి రాసుకుంటూ వెళ్ళాడు. చిన్నవి రెండు, పెద్దవి మూడు, చిన్నది ఒకటి. పలక ఎత్తు చూశాడు. టెండరు దగ్గర ఆగాడు.

"అక్షరాలేవిరా?"

"రాశాను మావయ్యా. ఎస్.ఆర్. అని, తెల్లరంగుతో. చేతికి తగలవు."

"అలాగా" అని ఇంజను మళ్ళీ చేతికివ్వలేదు. వేలితో టెండరు మీద ఆ అక్షరాలుండే చోటే రుద్దుతూ కూర్చున్నాడు, గుడ్డతో తుడిచినట్టు. కిందనుంచి అత్తయ్య భోజనానికి మూడుసార్లు పిలిచింది.

మీలో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే ఇంజను కొనేముందు ఏడాది అనుకోండి. ఇంట్లో ఆ ఏడాది తెలిసినవాళ్ళు ఉంటే ముందు వాళ్ళనడగండి. మావయ్య నాకింకో పని పురమాయించి వెళ్ళాడు. స్టేషనులో నీళ్ళ గొట్టం నేను ప్లాట్‌ఫారానికి ఆ చివర పెట్టానట, ఈ చివర ఉండాలట. రేపు ఆదివారం పీకి మార్చాలి.