లక్ష్యం ఢిల్లీది, బిల్లు డిస్కంలది

2022 ఆగస్టు 8న లోక్‌సభ ముందుకు విద్యుత్ రంగాన్ని తాకే రెండు బిల్లులు వచ్చాయి. పరిశ్రమల వంటి పెద్ద వినియోగదారులు వాడే ఇంధనంలో కొంత వాటా శిలాజేతర వనరుల నుంచే రావాలని చెప్పే ఇంధన పొదుపు సవరణ బిల్లును సభ ఆ రోజే ఆమోదించింది. కరెంటును ఎవరి తీగల మీద ఎవరు అమ్మాలి, రాయితీ భారం ఎవరు మోయాలి అన్న ప్రశ్నలను కదిపిన విద్యుత్ సవరణ బిల్లును మాత్రం ప్రతిపక్షాల నిరసనల మధ్య ప్రవేశపెట్టి, స్థాయీసంఘానికి అప్పగించారు. మొదటిది డిసెంబరులో రాజ్యసభను కూడా దాటి చట్టమైంది. రెండోది 2024లో 17వ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. కొనక తప్పదన్న నిబంధన చట్టంలోకి ఎక్కింది కానీ, కొనడానికి డబ్బు ఎక్కడిదన్న చర్చ సభలో తేలనే లేదు.

లక్ష్యాల చరిత్ర కూడా ఇలాగే నడిచింది. 2022 నాటికి 20 గిగావాట్ల సౌర విద్యుత్ అని 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ అంకెను 2015లో 100 గిగావాట్లకు పెంచారు. పవన, జీవ ఇంధన, చిన్న జల విద్యుత్‌లను కలిపి మొత్తం 175 అన్నారు. గడువు ముగిసేసరికి చేరింది సుమారు 120. అప్పటికే, 2021 నవంబరులో, గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యమని ప్రకటించారు. మరుసటి ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి పంపడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన హామీలో ఆ 500 లేదు. స్థాపిత సామర్థ్యంలో 50 శాతం అనే వాక్యమే ఉంది. పార్లమెంటు చేసిన ఏ చట్టంలోనూ 500 కనిపించదు. దేశం లక్షల కోట్లు ఖర్చు పెట్టబోయే లక్ష్యాన్ని ఓటు వేసి ఖరారు చేసే అవకాశం ప్రజాప్రతినిధులకు రాకపోవడం చిన్న విషయం కాదు.

ఆ 50 శాతం 2025 జూన్‌లోనే నెరవేరింది. ఇది నిజంగా గర్వించదగిన విజయం. అయితే అది మెగావాట్ల లెక్క. సౌర ఫలకానికి రాత్రి పని లేదు, గాలిమరకు అన్ని నెలలూ ఒకటి కావు. యూనిట్లలో చూస్తే దేశం వాడే కరెంటులో సగానికి మించి ఇప్పటికీ బొగ్గుదే.

విద్యుత్ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలు ఎంత శాతం పునరుత్పాదక విద్యుత్ కొనాలో నిర్ణయించేది రాష్ట్ర నియంత్రణ మండళ్లు. వాటా తగ్గినా మండళ్లు చాలాచోట్ల చూసీచూడనట్లు వదిలేశాయి. 2023 అక్టోబరులో కేంద్రం, కొత్తగా సవరించిన ఇంధన పొదుపు చట్టం కింద, ఆ శాతాలను తానే ప్రకటించింది: 2024-25లో 29.91, 2029-30కి 43.33. అంకె పెట్టే అధికారం ఢిల్లీకి చేరింది. కరెంటు కొని, బిల్లులు వసూలు చేసుకుని, ఉత్పత్తిదారుకు చెల్లించే పని డిస్కంల దగ్గరే ఉండిపోయింది.

ఈ మెలిక ఎంత బలమైనదో ఆంధ్రప్రదేశ్ చూసింది. గాలి, ఎండ రెండూ పుష్కలంగా ఉన్న రాయలసీమలో రాష్ట్ర విభజన తర్వాత వేగంగా ప్రాజెక్టులు వచ్చాయి. పవన విద్యుత్‌కు యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ఇస్తామని పాతికేళ్ల ఒప్పందాలు కుదిరాయి. 2017లో దేశంలో వేలం ధరలు రెండున్నర రూపాయల కిందికి పడిపోయాయి. 2019 జులైలో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాలను తిరగదోడటానికి కమిటీ వేసింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. మధ్యంతరంగా సౌరానికి 2.44, పవనానికి 2.43 రూపాయలు చెల్లించమన్న కోర్టు, 2022 మార్చిలో తుది తీర్పులో ఒప్పంద ధరలే చెల్లించాలని తేల్చింది. కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వమే కాదనడం తప్పు. పెట్టుబడిదారుల నమ్మకం అక్కడే దెబ్బతింది. కానీ ధర ఏటా పడిపోయే సాంకేతికతకు పాతికేళ్ల స్థిర ధర కట్టబెట్టిన పద్ధతిని ఏ సభా సకాలంలో ప్రశ్నించకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

మార్కెట్ ఉంది కదా అంటారు. విద్యుత్ ఎక్స్ఛేంజీలు 2008లోనే మొదలయ్యాయి. హరిత విద్యుత్‌కు 2020 నుంచి ప్రత్యేక విభాగాలూ వచ్చాయి. అయినా కరెంటులో అత్యధిక భాగం దీర్ఘకాలిక ఒప్పందాల మీదే నడుస్తోంది. ఎక్స్ఛేంజీలో ఎండ వేళ ధర పడిపోయి, సాయంత్రం పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకే రోజులు ఉంటాయి. అందుకే డిస్కంలకు ఇప్పుడు కావలసింది మధ్యాహ్నపు యూనిట్ కంటే రాత్రి ఏడు గంటల యూనిట్. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీటిని పైకి తోడి నిల్వ చేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు చేపట్టింది ఈ అవసరం కోసమే. కేంద్ర సంస్థలు వేలం వేసిన ప్రాజెక్టుల్లో ఎన్నో గిగావాట్లు కొనేవారు లేక ఆగిపోవడానికీ ఇదొక కారణం.

పంపిణీలోనూ పోటీ తేవాలనే 2022 విద్యుత్ సవరణ బిల్లు ఒకే తీగల మీద పలువురు పంపిణీదారులు పోటీ పడవచ్చంది. దానిపై వచ్చిన వ్యతిరేకతను రాజకీయమని కొట్టిపారేయడం అన్యాయం. పరిశ్రమలు ఎక్కువ ధర చెల్లిస్తాయి కాబట్టే వ్యవసాయానికీ పేదల ఇళ్లకూ చౌక కరెంటు అందుతోంది; దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. పెద్ద బిల్లులు కట్టేవారిని ప్రైవేటు సంస్థలు ఎగరేసుకుపోతే డిస్కంకు మిగిలేది మోటార్లూ బకాయిలే. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు 2020లో కూర్చున్నప్పుడు వారి డిమాండ్లలో అప్పటి విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదా ఉపసంహరణ కూడా ఉంది. సంబంధితులతో చర్చించాకే బిల్లు తెస్తామని 2021 డిసెంబరులో వారికి కేంద్రం హామీ ఇచ్చింది. 2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ బిల్లుకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఈ భయాలన్నీ సభలో చెప్పదగినవే. అయితే ఉచిత విద్యుత్ సొమ్మును డిస్కంలకు సకాలంలో చెల్లించని రాష్ట్రాలు, ఆ లోటు పూడ్చే మార్గాన్ని కూడా చెప్పి ఉంటే వాటి వాదనకు మరింత బలం చేకూరేది.

2025 అక్టోబరులో కేంద్రం మరో ముసాయిదా విడుదల చేసింది. ఒకే తీగల మీద పోటీ ఇందులోనూ ఉంది. తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోలు మోసే క్రాస్ సబ్సిడీని ఐదేళ్లలో తీసేయాలన్న ప్రతిపాదనా ఉంది. శిలాజేతర విద్యుత్ వాటా తగ్గితే జరిమానా కూడా ఉంది. 2022 ఆగస్టు 8న విడిపోయిన రెండు అంశాలు ఒకే పత్రంలో కలిశాయి. క్రాస్ సబ్సిడీ ఆగిపోయాక రైతు మోటారు ఖర్చు రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. అందులో కేంద్రం వాటా ఎంతన్నదే సభలో రాష్ట్రాల సభ్యులు అడగవలసిన మొదటి ప్రశ్న.