తెగితే ఎక్కడ తెగాలి?

మాది మంగంపేట అని చెప్పగానే మన క్లాసులో చాలామంది "ఓ, బెరైటీస్!" అంటారు. మా ఊళ్లో దాన్ని ముగ్గురాయి అంటాం. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కంటే బరువుగా ఉంటుంది. ఆ బరువు కోసమే దాన్ని పొడి చేసి, చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ బురదలో కలుపుతారు. కానీ ఈసారి రాయి గురించి కాదు, రెండు ఇనుప తీగల గురించి రాస్తున్నాను. మా చిన్నాయన పికప్ బండికి, బంపరు మూలల నుంచి పైన క్యారియర్ మూలల దాకా, అటొకటి ఇటొకటి మేమే కట్టిన తీగలు అవి.

ఎందుకు కట్టామో ముందు చెప్పాలి. మా మామిడి తోటకి పోయే దారి బండి వెడల్పు కంటే జానెడు ఎక్కువ ఉంటుందేమో. రెండు వైపులా కంప. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలోనే దీన్ని మొదట నాటారట. వంట చెరుకు కోసం తెచ్చిన చెట్టు ఇప్పుడు చెరువులూ బీళ్లూ అన్నీ తనవే అంటోంది. బండి పోతుంటే కంప కొమ్మ బానెట్ మూలకి తగిలి వంగుతుంది, వంగి వంగి ఒక్కసారి వదులుతుంది. వదిలినప్పుడు వచ్చేది తెరిచి ఉన్న కిటికీలోకే. పోయిన వేసవిలో అట్లా వచ్చిన ముల్లు చిన్నాయన కుడి కంటి రెప్పలో దిగింది. అర అంగుళం పక్కకి పడి ఉంటే కన్ను పోయేదని డాక్టరు చెప్పాడు.

"కొమ్మలు కొట్టేయొచ్చు కదా" అని మీరు అడుగుతారు. మేమూ కొట్టాం. కంపని ఒక చోట నరికితే నాలుగు చోట్ల చిగురిస్తుంది. పైగా ఆ కంప పక్క రైతులకి కంచె, కట్టె, బొగ్గు. మన బండి పోవడానికి వాళ్ల కంచె కొట్టేస్తామంటే ఊరుకుంటారా?

అందుకని తీగలు. ఇది మేము కనిపెట్టినదేమీ కాదు. 1980 నుంచి 2000 దాకా అడవుల్లో జరిగిన క్యామెల్ ట్రోఫీ యాత్రల ఫోటోలు చూడండి, ల్యాండ్ రోవర్ బండ్లకి ముందు నుంచి పైకప్పు దాకా బిగించిన తీగలు కనిపిస్తాయి. కొమ్మ అద్దానికి తగలకుండా ఏటవాలు తీగ మీద జారుతూ పైకి పోతుంది, కప్పు దాటి వెనక్కి పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో దారికి అడ్డంగా సన్నని తీగలు కట్టి సైనికుల మెడలు తెగేలా చేసేవారు. అందుకని జీపుల ముందు బంపరుకి నిలువుగా ఇనుప కమ్మీ వెల్డింగ్ చేసుకున్నారు. పండగ రోజుల్లో మాంజా మెడకి తగలకుండా బైకు హ్యాండిల్‌కి వంపు తీగ బిగించుకునేవాళ్లని మనమూ చూస్తున్నాం. అవసరం తరుముతుంటే మనిషి చేతికి దొరికిన ఇనుముతోనే ఏదో ఒకటి చేసుకుంటాడు. ఇంతవరకు కథ బాగానే ఉంది.

నా అభిప్రాయం ఇక్కడ మొదలవుతుంది. ఇట్లాంటి పని చూడగానే మనలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇదే అసలైన ఇంజనీరింగ్, డిగ్రీలు ఎందుకు" అని ఒకరు. "ఇది జుగాడ్, దీనికి లెక్కా పత్రం ఏముంది" అని ఇంకొకరు. ఇద్దరిదీ తప్పే అంటాను నేను. ఇంట్లో చేసిందా, కంపెనీ చేసిందా అన్నది కాదు ప్రశ్న. ఇది తెగితే ఎక్కడ తెగుతుందో చేసినవాడు ముందే ఆలోచించాడా? అదొక్కటే ప్రశ్న. మొదటిసారి నేను ఆలోచించలేదు.

మొదటిసారి పాత సామాన్ల అంగట్లో దొరికిన 6 మిల్లీమీటర్ల వైర్ రోప్ తెచ్చాం. "లావు ఉంటే మంచిది" అనుకున్నాం. ఒక కొస బంపరుకి, ఇంకో కొస క్యారియర్‌కి. మధ్యలో టర్న్‌బకిల్ పెట్టి, వేలితో మీటితే వీణ మోగినట్టు మోగేదాకా బిగించాం. చిన్న కొమ్మలన్నీ చక్కగా పైకి పోయాయి. మూడో రోజు మణికట్టంత లావు కొమ్మ తగిలింది. అది వంగలేదు, తీగ తెగలేదు. క్యారియర్ క్లాంపు ఊడింది. ఊడిన క్లాంపు తీగతో పాటు ఎగిరి వెనక బాడీ ఎడమ కమ్మీకి ఠంగుమని తగిలింది. మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, రోజూ ఆ కమ్మీ పట్టుకునే నిలబడతాడు. ఆ రోజు తోట గేటు తీయడానికి ముందే దిగి నడుస్తున్నాడు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. చిన్నాయన బండి ఆపి కమ్మీ మీద పడిన సొట్టని చేత్తో తడిమి చూసి, "తీసేయ్ అబ్బీ, ముల్లే నయం" అన్నాడు.

ఆ రాత్రి పడుకోలేకపోయాను. మరుసటి రోజు ఫస్టియర్ మెకానిక్స్ నోట్సు తీశాను. మార్కుల కోసం ఎప్పుడో బట్టీ పట్టిన లెక్క అది. దండెం మీద తడి దుప్పటి వేసినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. వదులుగా ఉన్న దండెం కిందికి జారి ఊరుకుంటుంది. బిర్రుగా ఉన్న దండెం మేకునే పీకేస్తుంది. తీగ మధ్యలో అడ్డంగా పడే బరువుని తీగ పొడవుతో గుణించి, తీగ ఎంత వంగిందో దానికి నాలుగు రెట్లతో భాగిస్తే తీగలో లాగుడు వస్తుంది. మా తీగ పొడవు మీటరున్నర. కొమ్మ 30 కేజీల బలంతో నెట్టి, తీగ 5 సెంటీమీటర్లు వంగితే లాగుడు 225 కేజీలు. అదే తీగని ఇంకా బిగించి రెండున్నర సెంటీమీటర్లే వంగేట్టు చేస్తే 450. అంటే నేను టర్న్‌బకిల్ తిప్పిన ప్రతి చుట్టూ క్లాంపుని ఊడదీసే పనే. 6 మిల్లీమీటర్ల తీగ తెగాలంటే దాదాపు రెండు టన్నులు కావాలి. క్యారియర్ రేకు అందులో పదో వంతు కూడా ఆగలేదు. తీగ లావయ్యే కొద్దీ ప్రమాదం పోలేదు, చోటు మారిందంతే. నాకు తెలియని చోటికి మారింది.

రెండోసారి 4 మిల్లీమీటర్ల తీగ తీసుకున్నాం. అది తెగడానికి సుమారు 900 కేజీలు కావాలి. పైన క్యారియర్‌ని రేకు గట్టుకి కాకుండా క్యాబిన్ వెనకున్న గార్డు కమ్మీలకి కలిపి బోల్టులు వేశాం. కింద బంపరు బ్రాకెట్ దగ్గర తీగ కొసని ఒకే ఒక్క చిన్న ఎం4 బోల్టుతో పట్టించాం, లాగుడంతా ఆ బోల్టు పొడుగునా పడేట్టు. మామూలు 4.6 గ్రేడు బోల్టు సుమారు 350 కేజీల దగ్గర తెగుతుంది. వంగే కొమ్మలకి ఆగుతుంది, వంగని కొమ్మకి అదే ముందు పోతుంది. అది పోయినప్పుడు తీగ కొరడాలా ఎగరకుండా, కింది కొసని వదులుగా ఒక నైలాన్ తాడుతో బంపరుకే కట్టాం. తీగని కూడా మీటితే మోగేట్టు కాకుండా, వేలితో నొక్కితే కాస్త వంగేట్టు వదిలాం.

ఇంకో తప్పు కూడా అప్పుడే దొరికింది. తీగ కొసని మడిచి బిగించే యు-క్లిప్పులు మొదటిసారి ఒకటి ఇటు, ఒకటి అటు వేశాను. జీను లాంటి దిమ్మ ఎప్పుడూ బరువు మోసే తీగ మీదే కూర్చోవాలి, యు వంపు మిగిలిన కొస మీద పడాలి. తిరగేస్తే ఆ వంపు బరువు మోసే తీగనే నలిపేస్తుంది. ఊళ్లో టిప్పర్లకి పని చేసే మెకానిక్కన్న ఒకాయన చూసి నవ్వి, నా చేతిలోంచి స్పానర్ లాక్కుని సరిచేసి ఇచ్చాడు. నాలుగు సెమిస్టర్లలో ఆ మాట ఎవరూ చెప్పలేదు నాకు. లేదా చెప్పిన రోజు నేను బంక్ కొట్టి ఉంటాను.

చిన్నాయన ఒప్పుకోడేమో అని భయపడ్డాను. "ఇంత చిన్న బోల్టా? పుటుక్కున పోతాది కదరా" అన్నాడు. "పోవాలనే పెట్టినా చిన్నాయనా. మన బోరు మోటారుకి ఫ్యూజ్ లేదా, అట్ల" అన్నాను. కాసేపు చూసి, "అయితే ఇది బండికి ఫ్యూజ్" అన్నాడు. ఫ్యూజ్ పోతోందని స్టార్టర్ డబ్బాలో లావు రాగి తీగ చుట్టి, మోటారు కాల్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆయనకి ఆ పాఠం నాకంటే ముందే తెలుసు. నేను దాన్ని బండి మీదికి తెచ్చానంతే. ఈ సీజన్లో బోల్టు రెండుసార్లు తెగింది. రెండుసార్లూ తీగ తాడుకి వేలాడుతూ బంపరు దగ్గరే ఉంది. బోల్టు ఖరీదు ఒక టీ ఖరీదు కంటే తక్కువ.

ఇది చదివి రేపే మీ అన్న థార్‌కో, మామ బొలేరోకో తీగలు బిగించే ఉత్సాహం ఉన్నవాళ్లకి ఒక మాట. ఇది కంప దారికే, కడప-రేణిగుంట రోడ్డుకి కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి గట్టిగానే చెబుతుంది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది కూడా. బంపరు ముందుకి పొడుచుకొచ్చిన ఇనుము ఏదైనా నడిచేవాళ్ల మోకాళ్లకి ప్రమాదమే. అందుకే మా తీగలూ బ్రాకెట్లూ తోట గేటు దగ్గర తగిలిస్తాం, తారు రోడ్డు ఎక్కే ముందు విప్పి డ్యాష్‌బోర్డు కింద పడేస్తాం. రోజూ ఐదు నిమిషాల పని. చిన్నాయనకి విసుగే, కానీ చేస్తున్నాడు. ఇక ఎర్రచందనం అడవి పక్కనే ఉన్న ఊళ్లు మావి. తీగలు కట్టిన బండితో అడవిలోకి షికారు పోదామనుకునేవాళ్లు చెక్‌పోస్టులో ఏం సమాధానం చెబుతారో ముందే అనుకుని పోండి.

మన మినీ ప్రాజెక్టు రిపోర్టులన్నీ ఒకసారి తిరగేసి చూడండి. ప్రతిదాంట్లో "ఇది ఇంత బరువు మోస్తుంది" అని ఉంటుంది. మోయలేని రోజు ఏమవుతుంది, ఏ ముక్క ముందు విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు పోతుంది, అటు ఎవరు నిలబడి ఉంటారు? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబున్న రిపోర్టు నాకు ఒక్కటీ కనపడలేదు, నాది కూడా కలిపి. వైవాలో సార్లు అడగరని మనం రాయం, మనం రాయలేదని వాళ్లు అడగరు. ఈ సెమిస్టర్ నుంచి మనమే మొదలుపెడదాం. రిపోర్టు చివర ఒక్క పేజీ చాలు, "ఇది ఎక్కడ తెగుతుంది" అని. జుగాడ్ అని ఎగతాళి చేసేవాళ్లకీ, జుగాడే గొప్ప అని చప్పట్లు కొట్టేవాళ్లకీ అదే జవాబు.

మా తమ్ముడు ఇప్పటికీ ఆ కమ్మీ పట్టుకునే నిలబడతాడు. సొట్ట అట్లే ఉంది. బాగు చేయిద్దామంటే చిన్నాయన వద్దన్నాడు, "ఉండనీలే, నువ్వు చూసుకుంటా ఉండాల" అని.